‘ఏవండీ’ అన్నదెవరు?

“అసలు ఆ ‘ఏవండీ’ ఉంది చూశారూ, అక్కడే మీరు నన్ను పట్టేశారు బాబాయ్ గారూ,” అంది ఎడిటరమ్మ.

బాబాయి తల ఊపాడు. ఏ ఏవండీయో, అది ఎక్కడుందో, ఈవిడని ఎలా పట్టేసిందో ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిచోట తల ఊపడం ఆయనకి షాపులో అబ్బిన విద్య. మోటారు తెచ్చినవాళ్ళు “ఇదివరకు గుయ్‌మనేది, ఇప్పుడు గయ్‌మంటోంది” అన్నా ఇలాగే ఊపుతాడు. విప్పి చూస్తే సంగతేంటో అదే తెలుస్తుంది కదా అని. పుస్తకాన్ని ఎక్కడ విప్పాలో మాత్రం ఆయనకి తెలియదు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు అది. ఆ ఇల్లే ప్రచురణ సంస్థ. సంస్థ అంటే ఎడిటరమ్మ ఒక్కతే. కథలు ఎంచేదీ ఆవిడే, దిద్దేదీ ఆవిడే, పార్సిళ్ళు కట్టేదీ ఆవిడే. సోఫా మీద పుస్తకాలు, సోఫా కింద పుస్తకాలు, వంటగది అలమరలో డబ్బాలు ఉండాల్సినచోట పుస్తకాలు. బాబాయి కూర్చున్నది కూడా కుర్చీ కాదు, తాడుతో కట్టిన కవితల పుస్తకాల కట్ట. మొహమాటపడుతుంటే, “కూర్చోండి, పర్లేదు. అవి ఎలాగూ కదలవు,” అంది ఆవిడ.

“కథ చెప్పేవాడు చెప్పుకుంటూ పోతుంటాడా! ఉన్నట్టుండి రెండో గొంతు ఒకటొచ్చి ‘ఏవండీ’ అని పాఠకుణ్ణి పిలుస్తుంది. ‘అది అలా జరగలేదు’ అని చెప్పి పోతుంది. తన మీద తానే సాక్ష్యం చెప్పుకునే రచయితని నేను ఇన్నేళ్ళలో చూడలేదండీ. పైగా ‘మీ నాన్న’ అంటూ పాఠకుడి తండ్రిని కూడా కథలోకి లాగారు. నేనైతే అక్కడ ఆపేసి మా నాన్నకి ఫోన్ చేశాను.”

“ఎలా ఉన్నారండీ నాన్నగారు?” అన్నాడు బాబాయి. తనకి అర్థమైన మాట అదొక్కటే.

“బాగున్నారు. ఇక ఆ చావు అధ్యాయంలో ‘ఏవండీ పాలు పొంగుతున్నాయి చూడండి’ అన్నారే! ఒళ్ళు జలదరించింది. ముందుమాటలో దాని మీదే మూడు పేజీలు రాశాను. పుస్తకం పేరు కూడా మార్చేశాను. ‘రోలరు డ్రైవరు’ వద్దు. ‘ఏవండీ’. ఏమంటారు?”

బాబాయి మళ్ళీ తల ఊపాడు. ఆవిడ ప్రూఫు కాగితాల కట్ట చేతిలో పెట్టి, సోమవారం ప్రెస్సుకి వెళ్ళాలి, ఈలోపు తప్పులుంటే చూసివ్వమంది.

ఆయనది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగి తీగ పీకేసి కొత్తది చుడతాడు. చేతులు ఖాళీగా ఉండవు కానీ నోరు ఖాళీయే. ఆ నోటితోనే ఫోనుకి కబుర్లు చెప్తే ఫోను వాటిని అక్షరాలుగా మార్చేది. వాటిని ఆన్‌లైన్‌లో పెట్టేవాడు. చదివేవాళ్ళు ‘వైండింగ్ బాబాయ్’ అని పేరు పెట్టారు. ఆయన పోస్టుల్లో తరచుగా తిట్లు తినే భార్య అందరికీ పిన్ని అయింది.

ఒకరోజు ఎడిటరమ్మ మెసేజ్ పెట్టింది. “మీ దగ్గర పెద్దది ఏమైనా ఉందా?” అని. బాబాయి, “ఐదు హార్స్ పవర్ దాకా చేస్తానమ్మా, అంతకన్నా పెద్దది అయితే షాపులో పట్టదు,” అని జవాబిచ్చాడు. ఆవిడ అడిగింది పెద్ద కథ గురించి అని తెలిశాక సిగ్గుపడి, తన నాన్న కథ చెప్పడం మొదలెట్టాడు.

బల్ల అదురుతుందని ఫోనుని ప్లైవుడ్డు అడ్డగోడకి మేకు కొట్టి తగిలించాడు. అడ్డగోడకి ఇవతల షాపు, అవతల ఇల్లు. ఇవతల వైండింగ్ మిషన్ ముందు బాబాయి. అవతల, సరిగ్గా ఆ మేకు వెనక, కుట్టుమిషన్ ముందు పిన్ని. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. బాబాయి రోజూ చెప్పి, రోజూ అలాగే పంపించాడు. వెనక్కి వెళ్ళి చదువుకోలేదు. తీగ చుట్టి వార్నిష్ పోశాక మళ్ళీ విప్పి చూసే అలవాటు ఆయనకి లేదు.

అందుకని షాపులో కళ్ళజోడు పెట్టుకుని ప్రూఫు తెరిచేదాకా తన పుస్తకంలో ఏముందో ఆయనకే తెలియదు.

మొదటి పేజీ బాగానే ఉంది. ‘మా నాన్న రోడ్డు రోలరు డ్రైవరు. ఆ రోలరుని పెద్దోడు అనేవాడు. ఎవరైనా రోలరుని “అది” అంటే ఊరుకునేవాడు కాదు, “వాడు” అనాలి. ఇంటికి పెద్ద కొడుకుని కాబట్టి నేనూ పెద్దోణ్ణే. నాకు ఇద్దరు పెద్దోళ్ళు, ఒకడు అన్నం తింటాడు, ఒకడు డీజిలు తాగుతాడు, చెప్పినమాట వినేది మాత్రం డీజిలువాడే అని అందరి ముందూ అనేవాడు.’

ఇది తన మాటే. బాబాయి మురిసిపోతూ పేజీ తిప్పాడు. ‘ఒకరోజు వాలులో దిగుతున్న రోలరుకి కుక్కపిల్ల అడ్డం వచ్చింది. మా నాన్న ప్రాణాలకు తెగించి బ్రేకు వేశాడు.’ దాని కింద, వాలు అక్షరాల్లో, ‘ఏవండీ కుక్క కాదు గొడుగు నాదే’ అని ఉంది.

బాబాయి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. గొడుగు అక్కడే ఉంది.

ఇంకొంచెం ముందుకు వెళ్తే, ‘నన్ను బడిలో చేర్చినరోజు నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.’ కింద, ‘ఏవండీ మీ నాన్న ఏడవడం ఏంటి కంట్లో తారు పొగ పడింది.’

ముందు ఎడిటరమ్మ మీద అనుమానం వచ్చింది. దిద్దమని ఇస్తే తన సొంత కవిత్వం కలిపేసిందేమో అనుకున్నాడు. తర్వాత ఫోను మీదకి పోయింది. ఈమధ్య ఫోన్లకి తెలివి మరీ ఎక్కువైందని అందరూ అంటున్నారు. కానీ ఎంత తెలివైన ఫోనుకైనా గొడుగు సంగతి ఎలా తెలుస్తుంది? గాలికి ఎగిరిపోయిన గొడుగు కోసం నాన్న రోలరు ఆపాడని, ఆ గొడుగుగల పిల్ల పరిగెత్తుకొచ్చి థాంక్స్ చెప్పిందని, ఆ పిల్లే తర్వాత ఇంటి కోడలైందని తెలిసినవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఇద్దరే. గొడుగు కోసం రోలరు ఆపాడంటే ఎవరు చదువుతారని ఆయనే కుక్కపిల్లని పెట్టాడు.

అడ్డగోడ అవతల కుట్టుమిషన్ టకటకమంటోంది. బాబాయి మేకు వంక చూశాడు. అప్పుడు వెలిగింది.

నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే చివరి అధ్యాయానికి వెళ్ళాడు. అది ఆయన ప్రాణం పెట్టి చెప్పిన అధ్యాయం. ఆ అధ్యాయం కోసమే పుస్తకం మొత్తం చెప్పాడనుకున్నా తప్పులేదు. ‘సాయంత్రం పెద్ద వాన. నేను మందుల కోసం వెళ్ళాను. వచ్చేసరికి నాన్నకి మాట పడిపోయింది. బతికినన్నాళ్ళూ నన్ను ఒక్క మంచిమాట అనని మనిషి చివరిగా అడిగింది నన్నే. పెద్దోడు అన్నాడట. అదే ఆయన ఆఖరి మాట.’

దాని కింద వాలు అక్షరాల్లో ఇలా ఉంది. ‘ఏవండీ ఆయన అడిగింది మిమ్మల్ని కాదు రోలరుని.’

ఆ రోజు బాబాయి చుట్టిన ఫ్యాన్ మోటారు ఎదురుదిక్కుకి తిరిగింది. తీసుకెళ్ళినవాడు మళ్ళీ తెచ్చి, “ఏంటి బాబాయ్, ఫ్యాన్ గాలి నాకు కాకుండా గోడకి తగుల్తోంది,” అన్నాడు. బాబాయి తల ఊపాడు.

పిన్నిని అడగలేకపోయాడు. అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తుంది. చెప్పేస్తే అది నిజమైపోతుంది. భోజనాల దగ్గర రెండుసార్లు నోరు తెరిచి, ఒకసారి ఉప్పు అడిగాడు, ఒకసారి నీళ్ళు అడిగాడు. నీళ్ళు ముందే ఉన్నాయి.

“ఒంట్లో బాలేదా?” అంది పిన్ని.

“పుస్తకం పని,” అన్నాడు.

“పుస్తకం వేయించుకుంటే జ్వరమొచ్చినట్టు ఉంటుందని ఎవరూ చెప్పలేదే!”

మర్నాడు ఎడిటరమ్మకి ఫోన్ చేశాడు.

“అమ్మా, ఆ వాలు అక్షరాలు నేను చెప్పినవి కాదు. అవి మా ఆవిడవి.”

“తెలుసండీ. ప్రతి రచయిత లోపలా ఒక ఆవిడ ఉంటుంది.”

“లోపల కాదమ్మా, పక్క గదిలో.”

“ఆహా! పక్క గది! ఎంత బాగా చెప్పారు. ఉండండి, రాసుకుంటాను.”

బాబాయి నెత్తి పట్టుకున్నాడు. “అది కాదమ్మా. మిగతావి ఉంచుకోండి, కుక్క పోయినా పర్లేదు. ఆ చివరి వాక్యం ఒక్కటి తీసేయండి. రోలరుది.”

“అది తీస్తే మిగతావన్నీ ఉత్త జోకులైపోతాయి బాబాయ్ గారూ. అయినా పుస్తకం మీది. తీసేయమంటే తీసేస్తాను. ఎందుకు తీయాలో ఒక్కమాట చెప్పండి. అది అబద్ధమా?”

“తెలీదమ్మా.”

“మీ వాక్యం మీకు తెలీకపోవడమేంటి?”

“అదే కదమ్మా నా బాధ కూడా!”

“సోమవారం పొద్దున్న దాకా ఆగుతాను. తెలుసుకుని చెప్పండి,” అని పెట్టేసింది ఆవిడ.

బాబాయి వైండింగ్ మిషన్ ఆపేశాడు. పని వేళలో ఆ మిషన్ ఆగడం అరుదు. ప్రూఫు కాగితాలు పట్టుకుని అడ్డగోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. పిన్ని ఒక ప్యాంటు జిప్పు పీకుతోంది. నోట్లో దారం.

“కరెంటు పోయిందా?” అంది.

“ఇది నువ్వన్నావా?” అని గొడుగు వాక్యం చదివి వినిపించాడు.

పిన్ని నోట్లో దారం తీసేసింది. “ఎక్కడిది ఇది?”

“పుస్తకంలో ఉంది. నా ఫోను నీ మాటలు కూడా రాసేసింది.”

“దీని దుంప తెగ! ఇంకా ఏం రాసింది?”

ఆయన చదివాడు. తారు పొగ దగ్గర ఆవిడ నవ్వాపుకుంది. పాలు పొంగిన దగ్గర ఆపుకోలేకపోయింది.

“మరి అన్నీ మీకే చెప్పాను కదండీ, వినలేదా?”

“మిషన్ తిరుగుతుంటే ఏం వినపడుతుంది?”

“అయితే ఇన్నాళ్ళూ నేను గోడతో మాట్లాడుతున్నానా? ఒక్కసారి ఊ కొట్టి ఉంటే తెలిసేది కదా. ఊ కొట్టకపోతే విన్నారనుకున్నాను.”

“ఊ కొట్టకపోతే విన్నట్టెలా అవుతుంది?”

“మీరు విన్నా కొట్టరు కదా, అందుకని.”

బాబాయి గబగబా కాగితాలు తిప్పాడు. చివరి పేజీ తీశాడు. గొంతు సవరించుకుని తన మాట చదివాడు. ఆవిడ మాట చదవలేక కాగితం ఆవిడ చేతికిచ్చాడు. పిన్ని చదువుకుంది. నవ్వు ఆగిపోయింది. ప్యాంటు మడిచి పక్కన పెట్టింది.

“మరి ఆ రోజు ‘మీకోసమే అడిగారు’ అన్నావు కదే?” అన్నాడు.

“తల మీంచి నీళ్ళు కారుతుంటే గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో మందులు. ఆ మనిషితో ఏమనమంటారు? రోలరు కోసం అడిగారనాలా?”

“అంటే రోలరు కోసమేనా?”

“‘పెద్దోడు వానలో తడుస్తున్నాడమ్మా’ అన్నారు. కిటికీ వైపు చూశారు. అప్పటికి ఆ రోలరుని పక్కన పడేసి, ఎదురుగా షెడ్డు బయట పెట్టారు కదా, తుప్పు పడుతూ. కిటికీలోంచి చూస్తే అదే కనపడేది. అందుకని దాన్నే అనుకున్నా.”

“కిటికీలోంచి సందు కూడా కనపడుతుంది. నేను వెళ్ళింది ఆ సందులోంచే.”

పిన్ని ఆలోచించింది. “అవును. సందు కూడా కనపడుతుంది.”

ఇద్దరూ కాసేపు కిటికీ వైపు చూశారు. ఆ కిటికీ ఈ ఇంటిది కాదు, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటిది. అయినా చూశారు.

“తర్వాత ఏమన్నాడు?”

“‘లోపలికి’ అన్నారు.”

“లోపలికి తీసుకురా అన్నాడా, లోపలికి రమ్మను అన్నాడా?”

ఆ ప్రశ్నలో ఎంత బరువుందో పిన్నికి అర్థమైంది. రోలరైతే తీసుకురావాలి. మనిషైతే రమ్మనాలి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“‘లోపలికి’ దాకా వినపడింది. ఆ తర్వాతది వాన చప్పుడులో కలిసిపోయింది.”

“కొంచెం గుర్తు తెచ్చుకోవే.”

“మర్చిపోయింది అయితే గుర్తొస్తుందండీ. ఇది అప్పుడే వినపడలేదు.”

“మరి కచ్చితంగా తెలీనప్పుడు ‘రోలరుని’ అని తేల్చేశావేం?”

“మీరు తేల్చేశారు కదా ‘నన్నే’ అని! పక్కన కూర్చున్నదాన్ని, నాకే తెలీనిది సందులో ఉన్న మీకు ఎలా తెలిసిందా అని ఒళ్ళు మండింది. గోడవతల ఉన్నారు కదా అని అనేశాను. పుస్తకమెక్కుతుందని కలగన్నానా?”

బాబాయి కుట్టుమిషన్ పక్కన బల్ల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఒకటి తెలుసనుకున్నాడు. నిన్నటినుంచి దానికి ఎదురుది తెలిసిందనుకున్నాడు. ఇప్పుడు రెండూ పోయాయి. బాధపడాలో, కాస్త ఊపిరి పీల్చుకోవాలో కూడా తెలియడం లేదు. విప్పిన మోటారులో తీగ రెండు చివరలూ చేతికి దొరికి, ఏది మొదలో ఏది కొసో తేలకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. అక్కడైతే మీటరు పెట్టి చూసుకోవచ్చు.

సోమవారం పొద్దున్న ఎడిటరమ్మ తలుపు తీసేసరికి గుమ్మంలో బాబాయి ఒక్కడే ఉన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపు కింద మెట్ల మీంచి ఒక గొంతు గట్టిగా వినిపించింది.

“ఏవండీ! ఆగండి, నా చెప్పు తెగింది!”

ఎడిటరమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని పిన్ని పైకొచ్చింది.

“చెప్పాను కదమ్మా, పక్క గదిలో అని,” అన్నాడు బాబాయి.

ఎడిటరమ్మ వెనక్కి నడిచి కవితల కట్ట మీద కూర్చుంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చివరికి, “అయితే ఆ పాలు?” అంది నీరసంగా.

“పొంగిపోయాయండీ. స్టవ్ అంతా. కడుక్కునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది,” అంది పిన్ని.

“నేను మూడు పేజీలు రాశాను దాని మీద.”

“ఉంచండమ్మా, పాపం, కష్టపడి రాసినట్టున్నారు,” అన్నాడు బాబాయి.

ఎడిటరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు ముగ్గురూ ఒకే స్థితిలో ఉన్నారు. కాసేపటికి ఆవిడ తేరుకుని, అట్ట మీద పిన్ని పేరు కూడా ఉండాలి కదా, న్యాయం అది కదా అంది.

“నేను రాశానా ఏంటి? అన్నానంతే,” అంది పిన్ని. “అయినా అట్ట మీద ఇంతింత అక్షరాలతో ఉన్నది నా మాటే కదండీ. చాలు.”

“మరి ఆ చివరి వాక్యం? తీసేయనా?”

బాబాయి తల ఊపలేదు. “తీయొద్దమ్మా. రెండుచోట్ల ఒక్క చిన్న మార్పు. పైన నా వాక్యంలో ‘అడిగింది నన్నే’ అని ఉంది కదా. అక్కడ ‘నన్నేమో’ అని పెట్టండి. కింద ఆవిడ దాంట్లో ‘రోలరుని’ తీసి ‘రోలరునేమో’ అని పెట్టండి.”

“రెండుచోట్లా ఏమోనా? వాక్యం పదును పోతుంది బాబాయ్ గారూ. ఎడిటర్‌గా చెప్తున్నాను. చదివేవాళ్ళు ఇంతదూరం వచ్చాక ఆయన అడిగింది ఎవర్నో తేలాలి కదా!”

“పదును పోతే పోనివ్వండమ్మా. ఆ రోజు నేనూ, ఆ రోలరూ ఇద్దరం వానలోనే ఉన్నాం. ఎవరినడిగినా తడిసినవాణ్ణే అడిగాడు.”

ఎడిటరమ్మ ఇంకేదో అనబోయి, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రెండు అక్షరాలూ కొట్టింది. పైదానికి ఒకసారి, కిందదానికి ఒకసారి. ‘మిమ్మల్ని కాదు’ అన్నది కూడా తీసేయమంటారా అని అడిగితే, దానికి పిన్ని ఒప్పుకుంది. మార్చినవి పైకి చదివింది.

“చివరిగా అడిగింది నన్నేమో. ఏవండీ, ఆయన అడిగింది రోలరునేమో.” మళ్ళీ ఒకసారి చదువుకుని, “ఏంటో, నాకేం అర్థం కావట్లేదు,” అంది. కానీ దాన్ని మార్చలేదు.

దిగేటప్పుడు పిన్ని తెగిన చెప్పు బాబాయి చేతికిచ్చి, గోడ పట్టుకుని ఒంటి చెప్పుతో మెల్లగా దిగుతోంది. ఆయన ముందు వెళ్తున్నాడు. వీధిలో మోటార్లు, హారన్లు, ఎవరో దేనికో అరుస్తున్నారు.

“ఏవండీ,” అంది వెనకనుంచి, ఎప్పుడూ అనేంత గొంతుతోనే.

“ఊ,” అన్నాడు బాబాయి.